గాలివాటు చూసుకుని... దీవికి పోదామా!

తిరుపతిలో కలిసి చదువుకున్న స్నేహితులు పాతికేళ్ల తర్వాత ఒక వాట్సప్ గ్రూపులో కలిశారనుకోండి. మొదటి వారమంతా పాత ఫొటోలు. రెండో వారం పిల్లల ర్యాంకులు. మూడో వారం ఎవరో ఒకరు కదిలిస్తారు... 'ఒరే, ఈసారి అందరం కలిసి యాడికన్నా పోదాంరా' అని. గోవా చూసేశారు. ఊటీ, కొడైకెనాల్ పిల్లలతో అయిపోయాయి. అప్పుడు గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చి పడుతుంది. నీలాల నీళ్లు, తెల్లటి తెరచాప, వెనకాల కొబ్బరిచెట్ల దీవి. 'పడవ అద్దెకిస్తారంట. వారం రోజులు దాంట్లోనే తిండి, దాంట్లోనే నిద్ర. రోజుకో దీవి!' గ్రూపు నిండా బొటనవేళ్లు లేస్తాయి. ఖర్చు లక్షల్లో అని తెలిశాక ఒక్కో వేలూ మెల్లగా కిందికి దిగిపోతుంది.

ఆ బొమ్మలోని పడవనే యాట్ అంటారు. ఇంగ్లిషు స్పెల్లింగు చూస్తే నాలుక మడతపడుతుంది కానీ పలకడానికి ఒకటిన్నర అక్షరమే. కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ దీవులు, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్... ఇలాంటి చోట్ల స్నేహితులు కలిసి ఖర్చు పంచుకుని యాట్ తీసుకోవడం ఎప్పట్నుంచో ఉంది. నడపడం వచ్చినవాళ్లు సర్టిఫికెట్ చూపించి ఒట్టి పడవను తీసుకుంటారు. రానివాళ్లు కెప్టెన్‌తో సహా మాట్లాడుకుంటారు. ఉష్ణమండలపు దీవులకే ఈ గిరాకీ ఎందుకంటే... నీళ్లు వెచ్చగా ఉంటాయి, ఒక దీవి నుంచి చూస్తే ఇంకో దీవి కంటికి ఆనుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా సీజన్‌లో గాలి ఒకే దిక్కు నుంచి నమ్మకంగా వీస్తుంది. తెరచాపకు గాలే కదా పెట్రోలు!

అన్నట్టు, ఆ యాట్‌లలో రెండు పడవల్ని పక్కపక్కన బిగించినట్టుండే రకానికి ఇప్పుడు మంచి డిమాండు. ఒరగదు, కాఫీ కప్పు తొణకదు. దాని పేరు కెటమరాన్. ఆ మాట ఇంగ్లిషుకి ఎక్కడిదనుకుంటున్నారు? తమిళ జాలర్ల 'కట్టుమరం' నుంచే వెళ్లింది. అంటే ఆ విలాసం పేరు మాత్రం తిరుపతికి నాలుగు గంటల దూరం కూడా లేని తీరంలో పుట్టిందే.

జిల్లాకి సముద్రమొచ్చింది

పేరు సంగతి సరే, దీవులు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. చిత్తూరు జిల్లాకి ఏడుకొండలున్నాయి, మామిడితోటలున్నాయి, కౌండిన్య అడవుల్లో ఏనుగులున్నాయి కానీ సముద్రం మాత్రం ఉండేది కాదు. చిత్తూరోళ్లకి సముద్రమంటే మద్రాసు మెరీనానే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు అప్పటిదాకా నెల్లూరులో ఉన్న సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలో కలిశాయి. వాటితో పాటే పులికాట్ సరస్సు, దాని దీవులు, శ్రీహరికోట, బంగాళాఖాతం కూడా వచ్చేశాయి. ఆఫీసు బోర్డులు మారాయి, బండ్ల చిరునామాలు మారాయి. జిల్లాకి దీవులొచ్చిన సంగతి మాత్రం చాలామంది ఇళ్లలో ఇంకా నమోదు కాలేదు!

దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత పెద్దది పులికాట్. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో. కాళంగి, ఆరణి నదులు తీపి నీళ్లు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పు నీళ్లు పంపుతుంది. వానాకాలంలో నీరు దాదాపు తియ్యగా మారితే, ఎండాకాలంలో సముద్రం కన్నా ఉప్పగా ఉంటుంది. పాతతరం నోట దీని పేరు ప్రళయకావేరి. ఆ పేరుతోనే స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' రాశారు. సరస్సు మధ్య దీవుల్లోని బతుకులు అక్కడి మాటతీరులోనే దొరికే పుస్తకమది. ప్రయాణానికి ముందు చదివితే, దాటుతున్నది ఒట్టి నీళ్లు కాదని తెలుస్తుంది.

ఊళ్ల పేర్లు చూసినా సరస్సు స్వభావం బోధపడుతుంది. అటకానితిప్ప, రాయదొరువు, భీములవారిపాలెం. నీళ్ల మధ్య మెరక తిప్ప. నీళ్లు నిలిచే పల్లం దొరువు. వలలు ఆరేసేది పాలెం.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట సుమారు 90 కిలోమీటర్లు. అక్కడి నుంచి తూర్పుకి శ్రీహరికోట రోడ్డు. సరస్సు నడుమ గట్టు పోసి వేసిన ఆ రోడ్డు మీద కారాపి, అటూ ఇటూ ఫ్లెమింగోల ఫొటోలు తీసుకుని, నేలపట్టులో గూడబాతుల్ని చూసి వెనక్కి తిరగడం చాలామంది చేసేదే. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగ పుణ్యమా అని ఆ దారి అందరికీ తెలిసింది. తెరచాప కావాలంటే మాత్రం కారు దిగాలి. తడ దాటి, దాదాపు తమిళనాడు సరిహద్దులో ఉన్న భీములవారిపాలెం పడవల రేవుకి వెళ్లాలి.

చుక్కాని ఒకరిది, గాలి అందరిది

పులికాట్‌లో ప్రధానమైన దీవులు మూడు. శ్రీహరికోట, వేనాడు, ఇరకం. శ్రీహరికోటలో 1971 అక్టోబరు నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి కాబట్టి అక్కడ ఇష్టమొచ్చినట్టు పడవ ఆపి దిగడం కుదరదు. ప్రయోగాల రోజుల్లో పడవల మీద ఆంక్షలు కూడా ఉంటాయి. వేనాడులో దర్గా ఉంది, గంధం పండక్కి చుట్టుపక్కల నుంచి జనం తరలివస్తారు. మిగిలింది ఇరకం. నీళ్ల మీద వెళ్లి చేరే అసలు సిసలు దీవి. రేవులో 'ఎంతసేపు పడుతుందన్నా?' అని అడిగి చూడండి. 'గాలిని బట్టి' అంటారు. తప్పించుకోవడానికి చెప్పే మాట కాదది. అక్కడ అదే కచ్చితమైన జవాబు.

గాలి లెక్క తెలిస్తే ప్రయాణం సగం అర్థమైనట్టే. పగలు ఎండకి నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం మెల్లగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి జొరబడుతుంది. మధ్యాహ్నం తూర్పు నుంచి వచ్చే సముద్రపు గాలి అదే. రాత్రి ఇది తిరగబడుతుంది, తెల్లవారుజామున నేల మీంచి నీళ్లవైపు గాలి వీస్తుంది. రేవేమో సరస్సుకి పడమట, దీవి లోపల తూర్పున. అంటే పొద్దున్నే బయల్దేరినవాళ్లని నేలగాలి దీవికి దిగబెడితే, సాయంత్రం సముద్రపు గాలి రేవుకి తెచ్చి అప్పజెబుతుంది! కాకపోతే ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఈ లెక్క చెల్లదు. అప్పుడు గాలి ఈశాన్యం నుంచే కొడుతుంది, పడవ నడిపే మనిషికి పని పెరుగుతుంది.

ఎదురుగాలిలో తెరచాప పడవ ఎలా వెళ్తుందన్నది పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న. నేరుగా వెళ్లదు. గాలికి ఏటవాలుగా కొంత దూరం కుడికి, తెరచాప మళ్లించి మరికొంత దూరం ఎడమకి... తిరుమల ఘాట్‌రోడ్డు మలుపుల్లా వంకర్లు తిరుగుతూ ముందుకి పోతుంది. చూస్తున్నంతసేపూ దూరమైపోతున్నట్టే ఉంటుంది, చివరికి చేరుతుంది.

బొమ్మలోని యాట్‌ని తెచ్చి పులికాట్‌లో దింపితే మాత్రం అరగంటలో బురదలో కూరుకుంటుంది. సముద్రంలో తిరిగే యాట్‌కి ఒరిగిపోకుండా అడుగున బరువైన వెన్ను ఉంటుంది. దానికి మనిషి లోతు నీళ్లయినా కావాలి. పులికాట్ సగటు లోతు ఒక మీటరు! అందుకే ఇక్కడి పడవలకి అడుగు చదునుగా ఉంటుంది. గాలి పడిపోతే గెడ దించి అడుగు నేలని తన్నుకుంటూ పోవచ్చు. ఇంజిన్లు వచ్చాక తెరచాపలు తగ్గిన మాట నిజమే. అయినా వేటకి తెరచాప కట్టే పడవలు పులికాట్ నీళ్ల మీద ఇంకా కనిపిస్తాయి. కుట్లు వేసిన పాత గుడ్డ కావచ్చు, ప్లాస్టిక్ పట్టా కావచ్చు, గాలికి తేడా లేదు.

ఇంజిను ఆగిన పడవలో ఏం వినబడుతుందో ఎక్కినవాళ్లకే తెలుసు. నీళ్లు చెక్కని తాకే చప్పుడు. తాడు కిర్రుమనడం. ఎక్కడో ఒక కొంగ. నలుగురు స్నేహితులూ ఫోన్లు మర్చిపోయి పావుగంట మాట్లాడకుండా కూర్చున్నారంటే, ఆ బ్యాచ్ చరిత్రలోనే అది మొదటిసారి కావచ్చు.

వాళ్లకి పడవే బస్సు

ఇరకంలో దిగాక ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. వచ్చినవాళ్లకి అది పిక్నిక్. ఉన్నవాళ్లకి ఊరు. బియ్యం బస్తా రావాలన్నా పడవే, గ్యాస్ బండ రావాలన్నా పడవే. పై చదువులకి వెళ్లే పిల్లలు పుస్తకాల సంచితో ఎక్కేది పడవే. ఎన్నికలొస్తే ఓటింగ్ యంత్రాలు కూడా పడవెక్కి రావలసిందే. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే అంబులెన్సు కూడా అదే. యాత్రికులకి గాలి ఆగిపోతే అరగంట ఎక్కువ సరదా. ఆ ఇంటివాళ్లకి ఆ అరగంట ఏమిటో చెప్పనక్కర్లేదు.

దానికి తోడు పూడిక. నదులు తెచ్చే ఒండ్రు, సముద్రం తోసే ఇసుక కలిసి ముఖద్వారాల్ని మూసేస్తున్నాయి. రాయదొరువు దగ్గర సముద్రానికీ సరస్సుకీ రాకపోకలు తగ్గితే ముందు తెలిసేది చేపకి, తర్వాత జాలరికి. సముద్రంలో పుట్టి సరస్సులోకి వచ్చి పెరిగే రొయ్య పిల్లకి అదొక్కటే దారి. ఎండాకాలంలో సరస్సు ఉత్తర భాగమైతే ఎండిపోయి తెల్లటి ఉప్పుపొర తేలుతుంది. నీళ్లు తగ్గినప్పుడు పడవ మేట తగిలి నిలిచిపోతే దిగి తొయ్యాలి. ముఖద్వారాల పూడిక తీయాలన్న డిమాండు ఈనాటిది కాదు. అది మత్స్యకారుల కూటి సమస్య. పడవ కదిలేటంత నీళ్లుంటేనే పర్యాటకులకి తెరచాప ముచ్చట.

కాబట్టి దీవిలో తిన్న చిప్స్ ప్యాకెట్లు దీవిలోనే వదిలి రావడం, ఇళ్లముందు కూర్చున్న ఆడవాళ్లని అడక్కుండా ఫొటోలు తీయడం లాంటి పనులు మానుకుంటే మంచిది. అడిగి వండించుకుంటే రొయ్యలో, పీతలో, చేపల పులుసో దొరుకుతాయి. బేరమాడకుండా ఇచ్చి రావచ్చు. థాయ్‌లాండ్ ఖర్చుతో పోలిస్తే ఎంతని!

ఆ క్రిస్మస్ రోజు

సరదాగా సాగే ఈ కబుర్ల మధ్య ఒక తేదీ చెప్పక తప్పదు. 2011 డిసెంబరు 25. తమిళనాడు వైపు పళవేర్కాడులో, ఇదే సరస్సులో, పండగ సెలవుకి సరదాగా వచ్చిన కుటుంబాలు చేపల పడవ ఎక్కాయి. పడవ తిరగబడింది. 22 మంది చనిపోయారు. ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. ఆ తర్వాత 2017లో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర... తెలుగువాళ్లకి ఈ కథ కొత్తది కాదు.

సగటు లోతు మీటరే కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ముఖద్వారాల దగ్గర నీటి లాగుడు వేరు, పాత కాలవల్లో లోతు వేరు. పడవ తిరగబడితే చీరలు, చుడీదార్లు కాళ్లకి చుట్టుకుంటాయి. ఈత రానివాళ్లు వచ్చినవాళ్ల మెడ పట్టుకుంటారు. జాకెట్ ఉందా అని కాదు, వేసుకుని బకిల్ పెట్టుకున్నారా అని చూసుకోవాలి. పిల్లలకి పెద్దల సైజు జాకెట్ వేస్తే అది మెడలోంచి జారిపోతుంది. పరిమితికి మించి ఎక్కిస్తున్నారనిపిస్తే దిగిపోయి తర్వాతి పడవకి వేచి ఉండాలి. సెల్ఫీ కోసం అందరూ ఒకే వైపుకి వాలడమన్నది చదును అడుగు పడవకి కూడా నచ్చదు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది... పడవ నడిపే మనిషి 'ఈరోజు వద్దు సార్, గాలి బాలేదు' అన్నప్పుడు వినడం. తిరుపతి నుంచి తెల్లారగట్ల లేచి వచ్చాం, డబ్బులెక్కువ ఇస్తాం, ఏం కాదులే పోనీ అని ఒత్తిడి చేసేది ఎక్కువగా చదువుకున్నవాళ్లే! ఆకాశాన్ని చదవడంలో అతని డిగ్రీ పెద్దదని ఒప్పుకోవడానికి మనసొప్పదు.

ఆరుగురు, ఒక పడవ, 254 రోజులు

కెప్టెన్ మాట వినడం, కలిసి వెళ్లినవాళ్లతో పోట్లాడకుండా తిరిగి రావడం... ఈ రెండూ ఎంత పెద్ద విద్యలో తెలియాలంటే 'తారిణి' సంగతి చెప్పుకోవాలి. దాదాపు 17 మీటర్ల పొడవున్న ఈ తెరచాప యాట్ గోవాలో తయారై 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. అదే ఏడాది సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దానిమీద భూగోళం చుట్టి రావడానికి బయల్దేరారు. వర్తికా జోషి సారథి. ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తాలతో పాటు ఇద్దరు తెలుగమ్మాయిలు... విశాఖకి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకి చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఒంటరిగా తెరచాప పడవ మీద ప్రపంచాన్ని చుట్టిన తొలి భారతీయుడు దిలీప్ దొండే వీళ్లకి గురువు.

2018 మే 21న తిరిగి గోవా చేరేసరికి 254 రోజులు గడిచాయి. తిరిగింది 21,600 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 40 వేల కిలోమీటర్లు. పసిఫిక్‌లో గాలివాన, కొండలంత అలలు, చలి అన్నీ దాటుకొచ్చారు. పడవలో గదులంటే పేరుకే గదులు. వంతులవారీగా కాపలా, వంతులవారీగా వంట. ఒకరిమీద కోపమొస్తే తలుపు వేసుకుని వెళ్లిపోవడానికి ఇంకో ఇల్లుండదు. నాలుగు గంటల కారు ప్రయాణంలో ఏసీ ఎంత పెట్టాలన్నదాని మీద మాటలు మానేసే స్నేహితులు ఒక్కసారి దీన్ని ఊహించుకోవాలి.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఇబ్బంది పెట్టడంతో తారిణి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. కొబ్బరిచెట్లు, నీలాల నీళ్లు... వాట్సప్ బొమ్మలో ఉన్నట్టే ఉండే దీవి అది. కానీ తెలుగువాళ్లు తెరచాప మీద అక్కడికి చేరడం అదే మొదటిసారి కాదు. 19వ శతాబ్దంలోనే కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకుతోటల్లో కూలికి వెళ్లారు. రేవు పేరే వాళ్ల పేరై, అక్కడివాళ్లు తెలుగువాళ్లని 'కోరంగీలు' అన్నారు. స్నేహితులతో సరదాగా ఎక్కిన ఓడలు కావవి. తిరిగొస్తామో లేదో తెలియకుండా ఎక్కినవి. ఇప్పటికీ మారిషస్‌లో ఉగాది చేసుకునే ఇళ్లున్నాయి.

తారిణి కథ అక్కడితో ఆగలేదు. 2024 అక్టోబరులో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు... కేవలం ఇద్దరే... అదే యాట్ మీద బయల్దేరి 2025 మే చివర్లో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. తెరచాప నడపడం నేర్చుకోవాలని ఇంట్లో పిల్లలెవరైనా ముచ్చటపడితే నౌకాదళం దాకా ఆగక్కర్లేదు. చెన్నైలో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకి శిక్షణనిచ్చే క్లబ్బులున్నాయి.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

వానలు తగ్గి, సరస్సు నిండుగా ఉండి, పక్షులు ఇంకా వెళ్లిపోని జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం కాబట్టి వాతావరణ హెచ్చరికలు చూసుకోకుండా కదలకూడదు. మార్చి దాటితే నీళ్లు తగ్గుతాయి, ఎండ మండిపోతుంది. తాగేనీళ్లు ఇంటినుంచే తీసుకెళ్లాలి. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, గుక్కెడు నోట్లో పోసుకోలేరు! టోపీ, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, ఫోను పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు, వాంతులయ్యే వాళ్లకి ఒక నిమ్మకాయ. సరస్సు పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి ఫ్లెమింగోల గుంపు మీదికి పడవ తోలమని అడగకూడదు. దూరాన్నుంచి బైనాక్యులర్స్‌లో చూసినా అవి గులాబీరంగులోనే ఉంటాయి.

సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకి సముద్రపు గాలి తిరుగు పడవని రేవు దగ్గరకి తెస్తుంది. ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని స్నేహితుల బృందం దిగుతుంది. ముఖాలు కమిలిపోయి ఉంటాయి. 'మళ్లా ఎప్పుడ్రా?' అన్న చర్చ అప్పుడే మొదలైపోతుంది. వాళ్లు ఖాళీ చేసిన పడవలోకి ఇరకం వాళ్లు ఎక్కుతుంటారు. ఒకరి చేతిలో మందుల సంచి, ఇంకొకరి నెత్తిన బియ్యం, బడి సంచీని ఒళ్లో పెట్టుకున్న పిల్లాడు. గాలి ఇప్పుడు ఎదురు. పడవ మనిషి తెరచాప చుట్టేసి గెడ అందుకుంటాడు. చీకటి పడేలోగా దీవి చేరాలి.